సీడీ లారీ, గాలి లారీ

మా ఇంట్లో లారీ నడిపేది నేనే. నవ్వితే నవ్వండి. టీవీలో నడుపుతాను. అరవై దాటినాక పట్టిన స్టీరింగు కాబట్టి గోడలకు గుద్దుతాను, మలుపుల్లో పడేస్తాను, సరుకు దించాల్సిన ఊరు దాటేసి పోతాను. అయినా దిగను.

ఆ లారీ మా కోడలితో పాటు వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. మావాడు సరస్సులో రొయ్యలు పడతాడు. కోడలు సూళ్లూరుపేట టౌన్లో పుట్టి పెరిగిన పిల్ల. కాపురానికి వస్తా వస్తా ఒక నల్ల డబ్బా తెచ్చుకుంది. దాన్ని టీవీకి తగిలిస్తే ఆటలు వస్తాయి. మా వీధి ఆడోళ్ళు గుమ్మంలో నిలబడి చూసి ముక్కున వేలేసుకున్నారు.

"పెళ్ళయిన పిల్ల తుపాకీ పట్టుకోని జనాన్ని చంపతా ఉందేందమ్మా?"

"చంపేది టీవీలోనే గదా. మీ కోడళ్ళు మిమ్మల్ని ఇంట్లోనే చంపతా ఉండారు, అది చూసుకోండి" అన్నాను.

మోకాళ్ళు అరిగిపోయి నేను చేపల గంప దించేసిన ఏడాది అది. ఎండు రొయ్యలు తిరగేసినాక మధ్యాహ్నమంతా ఊరికే కూర్చోవాల. కోడలు రిమోటు నా చేతిలో పెట్టి లారీ ఆట ఎక్కించింది. అక్షరాలు కూడా నేను ఇట్టానే ఆలస్యంగా నేర్చినదాన్ని. తల సగం తెల్లబడినాక, బడి వరండాలో పెద్దోళ్ళకు చెప్పే చదువుకు పోయినాను. పంతులమ్మ నాకంటే చాలా చిన్నది, చేతిలో బెత్తం లేదు, అందుకే ధైర్యంగా కూర్చున్నాను. చదవడం వచ్చినాక నేను చేసిన మొదటి పని, బస్సు బోర్డు చదివి కండక్టరుతో గొడవ పెట్టుకోవడం. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నాకు లారీయే నేర్పింది. ఆటలో దారి పొడవునా ఇంగ్లీషు బోర్డులే. కోడలు పక్కన కూర్చోని ఒక్కో అక్షరం చెప్తా ఉంటే, నేను బోర్డు చదివేలోగా లారీ కాలవలో ఉండేది.

కోడలికి ఒక అలవాటు ఉంది. ఆట ఆడేసినాక సీడీ దాచిపెట్టదు. సూళ్లూరుపేటలో గేముల అంగడికి తీసుకుపోయి ఇచ్చేసి, పైన కాస్త దుడ్లు కలిపి ఇంకోటి తెచ్చుకుంటుంది. మా అమ్మ ఎండుచేపలు నెత్తిన పెట్టుకోని సేద్యం చేసే ఊళ్ళకు పోయి, అవి ఇచ్చి వడ్లు తెచ్చేది. కోడలిదీ అదే పద్ధతి. నాకు భలే నచ్చింది. నచ్చింది అంటే, నా లారీ జోలికి రానంత వరకు.

ఒకరోజు పుట్టింటి నుంచి తిరిగొచ్చి డబ్బాలో కొత్త సీడీ పెట్టింది.

"నా లారీ ఏది మే?"

"మార్చేసినా అత్తా. ఇదో, ఫుట్‌బాల్ తెచ్చినా."

"నన్ను అడగొద్దా?"

"ఏమని అడిగేది? సరుకు ఒక్కసారన్నా చేర్చినావా నువ్వు?"

"చేర్చలేదు కాబట్టే ఉంచాల. చేర్చేసినాక నాకెందుకు అది?"

నేను ఊరుకునే రకం కాదు. తర్వాతి తడవ కోడలు అంగడికి పోతా ఉంటే నేనూ బస్సెక్కినాను. అంగడాయన మావాడి ఈడు మనిషి, కళ్ళజోడు పెట్టుకోని మర్యాదగా ఉన్నాడు. నా లారీ నాకిమ్మన్నాను.

"అది ఆరోజే అమ్ముడుపోయింది పెద్దమ్మా. లారీ ఆట నా దగ్గర నిలవ ఉండదు."

"ఎవురు కొన్నారో చెప్పు. ఇంటికి పోయి అడుక్కుంటా."

"అట్టా చెప్పకూడదు పెద్దమ్మా."

"అయితే దొంగ సొత్తు కొన్నావని వీధిలో నిలబడి కేకలేస్తా."

కోడలు నా కొంగు పట్టుకోని లాగింది. "నా సీడీ నేను అమ్ముకుంటే దొంగ సొత్తు ఎట్టయింది అత్తా?"

అంగడాయన ఇద్దరికీ నీళ్ళిచ్చి చల్లబరిచినాడు. కావాలంటే కొత్త సీడీ తెప్పిస్తానన్నాడు. లేదంటే ఇంట్లోనే నెట్టులో డౌన్‌లోడ్ చేసుకోవచ్చంట. "కానీ డౌన్‌లోడ్ చేసినదాన్ని మళ్ళీ నా దగ్గరికి తేవద్దు" అన్నాడు.

"ఏం, కుళ్ళిపోతుందా?"

"కుళ్ళదు. తెచ్చేదానికి వస్తువంటూ ఉండదు. కొన్నోళ్ళ పేరుకే అతుక్కోని ఉంటుంది, ఇంకోళ్ళ చేతికి పోదు. కొనమంటే నేనేం కొనేది, గాలా? అందరూ ఈ గాలి ఆటలే కొంటే నేను అంగడి మూసుకోని టీ బంకు పెట్టుకోవాల."

"అందుకే నేనెప్పుడూ సీడీనే తీసుకుంటా" అంది కోడలు. "గాలికి దుడ్లు పోస్తే పోసినట్టే."

వాళ్ళిద్దరూ దాన్ని తిట్టే కొద్దీ నాకు అది బాగా ఎరిగిన సంగతిలా అనిపించింది. మా సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందరూ ఒకేసారి వలలు కట్టలేరు. అందుకని ఊరోళ్ళు కూర్చోని చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. ఈరోజు ఒకడిది, రేపు ఇంకొకడిది. పడవ అమ్ముకోవచ్చు, వల అమ్ముకోవచ్చు. వంతు మాత్రం అమ్మేదానికి లేదు, కుదవ పెట్టేదానికీ లేదు. నా పెళ్ళయిన కొత్తలో నా మొగుడు తాగి తాగి పడవ అమ్మినాడు, వల అమ్మినాడు, నా చెవి కమ్మలు కూడా అమ్మినాడు. వంతు అమ్మబోతే ఊరంతా కలిసి తన్నినారు. ఆ వంతు మిగలబట్టే, ఇంకొకరి పడవ అడుక్కోని పోయి నాలుగు రొయ్యలు తెచ్చినాడు, మేం అన్నం తిన్నాం. అమ్ముకోలేనిది ఎంత మంచి వస్తువో నాకు ఒకరు చెప్పాలా?

ఆ చీటీల్లో ఆడదాని పేరు ఉండదనుకోండి. మొగుడు పోయినాక వంతు మావాడి పేరుకు పోయింది. అది గుర్తొచ్చి అంగడాయన్ని అడిగినాను.

"నేను పోయినాక ఆ గాలి ఆట ఎవురికి పోతుంది అబ్బయ్యా?"

"ఎవురికీ పోదు పెద్దమ్మా."

"ఇంకా మంచిది."

కోడలు నా మొహంలోకి చూసింది. "ఏందత్తా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?"

"పక్కంగట్లో బిర్యానీ వాసన బాగుంది" అన్నాను.

మావాడు నాకు కొత్త మంచం కొనిస్తానని ఏళ్ళ తరబడి చెప్తా ఉన్నాడు. కోడలు మళ్ళీ పుట్టింటికి పోయినప్పుడు వాణ్ణి పట్టుకున్నాను.

"మంచం వద్దు నాయనా. లారీ కొనీ."

"లారీనా? నేనే సైకిల్ మీద తిరగతా ఉండాను గదమా!"

విషయం చెప్పినాను. సీడీ వద్దు, నెట్టులో కొను, నీ పెళ్ళాం పేరు మీద వద్దు, నా పేరు మీద కొను అన్నాను. వాడు తల గోక్కున్నాడు.

"నచ్చకపోతే మళ్ళీ అమ్ముకోలేవమా."

"అదే కావాల."

వాడు ఫోనూ రిమోటూ ముందు పెట్టుకోని ఏవేవో నొక్కినాడు. పేరు కొట్టే చోటు వచ్చినప్పుడు రిమోటు లాక్కున్నాను. అక్షరాలు వెతికి వెతికి నా పేరు నేనే కొట్టినాను. వాడు నిద్రపోయి లేచినా నేను అక్కడే ఉన్నాను. రేషను కార్డులో నా పేరు ఎవురో రాసింది, ఓటు కార్డులో ఇంకెవురో రాసింది. ఇది మాత్రం నేను రాసుకున్నది.

కోడలు వచ్చేసరికి నేను దర్జాగా లారీ తోలుతా ఉన్నాను. అది డబ్బా తెరిచి చూసింది. లోపల, ఆరోజు అంగట్లో గొడవలో మార్చకుండా తెచ్చిన ఫుట్‌బాల్ సీడీయే ఉంది. టీవీలో లారీ పోతా ఉంది.

"ఇది యాడిది అత్తా?"

"గాలి లారీ మే. నా పేరు మీద ఉంది. తీసుకుపో అంగడికి, చూద్దాం!"

కోడలు "సరే అత్తా" అని నెమ్మదిగా లోపలికి పోయింది. కోడలు అంత నెమ్మదిగా సరే అన్నప్పుడు భయపడాల. నేను హారన్ కొట్టినాను.

కొన్నాళ్ళకు కోడలి పుట్టింటి నుంచి ఇంకో కొత్త సీడీ వచ్చింది. నేను రొయ్యలు ఎండబోసి ఇంట్లోకి వస్తే టీవీలో లారీ బొమ్మ లేదు.

"యాడికి పోయింది? అమ్మేసినావా?"

"ఎట్టా అమ్మతాను, నీ పేరు మీద గదా ఉండేది? డబ్బాలో చోటు చాల్లేదు, తీసేసినా."

వీధి వీధి తిరిగి చేపలమ్మా అని అరిచిన గొంతు నాది. ఆరోజు దాన్ని పూర్తిగా వాడినాను. కాకులు ఎండు రొయ్యలు వదిలి లేచిపోయినాయి.

"అరవబాకత్తా. నీ లారీ నీకే ఉంది. పైన నెట్టులో నీ పేరు మీదే ఉంటుంది. ఎప్పుడైనా మళ్ళీ దించుకోవచ్చు."

"అయితే దించు."

"దించాలంటే నెట్టు కావాల గదా. నీ కొడుకు ఫోన్లో అయిపోయింది, ఇప్పుడు నెట్టు నా ఫోన్లోనే ఉంది."

నేను కింద కూలబడినాను. వంతు నాది, పడవ దానిది. అంగడాయన చెప్పినదాంట్లో ఈ ముక్క లేదు.

"ఏం కావాలో చెప్పు" అన్నాను.

కోడలు నా పక్కనే కూర్చుంది. నా మీద కోపం ఏమీ లేదు దానికి, పని ఉంది. "అంగడాయన ప్రతిసారీ నా సీడీ మీద గీతలున్నాయని తగ్గించి తీసుకుంటా ఉండాడు. నువ్వొచ్చి బేరమాడితే నీ లారీ దించతా. ఆరోజు నువ్వు కేకలేస్తానంటే ఆయన ఉరుక్కుంటా పోయి నీళ్ళు తెచ్చినాడు. నేను చూసినా."

పోయినాం. అంగడాయన నన్ను చూడంగానే నీళ్ళు తెప్పించినాడు. కోడలిచ్చిన ఫుట్‌బాల్ సీడీని వెలుతురుకు పెట్టి తిప్పి, "గీత ఉంది పెద్దమ్మా" అన్నాడు. నేను తీసుకోని, చేప మొప్ప ఎత్తి చూసినట్టు అటూ ఇటూ చూసినాను.

"గీత నీ కళ్ళజోడు మీద ఉంది. తుడుచుకో."

పాపం, నిజంగానే తుడుచుకున్నాడు.

"ఆడుతుందా లేదా అని అనుమానమా? పెట్టు. నేనే ఆడి చూపిస్తా. ఇక్కడే, నీ కుర్చీలో కూర్చోని. నాకు ఫుట్‌బాల్ రాదు, సాయంత్రం దాకా పట్టచ్చు."

"వద్దులే పెద్దమ్మా" అని కోడలు అడిగిన సీడీ తీసి, పైన ఏమీ కలపకుండానే చేతిలో పెట్టినాడు. మేం మెట్లు దిగతా ఉంటే వెనకనుంచి అన్నాడు, "ఈసారి నుంచి మీరు డౌన్‌లోడ్ చేసుకోండమ్మా. ఇంట్లో కూర్చోని సుఖంగా చేసుకోవచ్చు."

కోడలు మాట నిలబెట్టుకుంది. కానీ మా ఊళ్ళో సిగ్నలు కిటికీ ఊచల దగ్గరే దొరుకుతుంది. ఫోన్లో ఆనాటి నెట్టు అయిపోతే రేపటిదాకా ఆగాల. రోజూ ఫోను కిటికీలో పెట్టి, టీవీలో గీత ఇంత ఇంత జరగతా ఉంటే ఇద్దరం కూర్చోని చూసేవాళ్ళం. "ఇవాళ టైర్లు వచ్చినాయి అత్తా" అనేది కోడలు. "ఇంజను రేపు."

ఆఖరి రోజు పక్కింటామె చాట పట్టుకోని వచ్చింది. మేం కదిలే గీతను కళ్ళార్పకుండా చూస్తా ఉంటే ఆమెకు అర్థం కాలేదు.

"ఏం చూస్తా ఉండారు ఇద్దరూ?"

"నా లారీ వస్తా ఉంది."

"యాడుంది?"

కోడలు వేలెత్తి పైకి చూపించింది. ఆమె తలెత్తి మా ఇంటి కప్పు చూసింది, వాకిట్లోకి పోయి ఆకాశం చూసింది, తిరిగొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"శ్రీహరికోటలో పైకి పోయే రాకెట్లు చూసినాను గాని, కిందికి దిగే లారీ నేనెప్పుడూ చూడలేదు."

"కూర్చో అయితే. దిగేటప్పుడు నెత్తి కాచుకో" అని, కాస్త జరిగి చోటిచ్చినాను.