గ్రూప్ ఫోటోలో మెడ వరకే మాధవి

మనుషులు మాయమైపోవడం గురించి మీరు చాలా విని ఉంటారు. తిరునాళ్ళలో తప్పిపోయినవాళ్ళు, పెళ్ళిలో గిన్నెలు మోయాల్సి వచ్చేసరికి కనబడకుండా పోయిన మేనమామలు వగైరా. నేను మాత్రం పట్టపగలు, క్లాసు క్లాసంతా చూస్తుండగా, కొత్త బట్టలు వేసుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, మెడ కింద నుంచి మాయమైపోయాను. సాక్ష్యానికి ఫోటో ఉంది. మా టెన్త్ క్లాసు వాట్సాప్ గ్రూపులో అది ఏటా ఒకసారి ముంచిన ఖాళీ బిందెలా పైకి తేలుతుంది. ఈ ఏడు కూడా తేలింది. వాళ్ళూ వీళ్ళూ చెప్పేకంటే నేనే చెప్పేసుకుంటే పరువులో కొంత ముక్కయినా నాకు మిగులుతుందని ఇది రాస్తున్నాను. ఘోరం జరగబోతోంది. కాస్త సర్దుకుని కూర్చోండి.

మా స్కూలు బెంజ్ సర్కిల్‌కి కొంచెం లోపలగా, హారన్ల మోత జోలపాటలా వినిపించేంత దూరంలో ఉండేది. మా యూనిఫాం బిస్కెట్ రంగు. అదేదో కరకరలాడే బిస్కెట్ అనుకునేరు, టీలో ముంచి మర్చిపోయిన బిస్కెట్! ఆ రంగు చుడీదారు, దాని మీద మట్టిరంగు చున్నీ, అది జారకుండా రెండు భుజాల మీదా పిన్నీసులు, మడిచి కట్టిన రెండు జడలకి మళ్ళీ మట్టిరంగు రిబ్బన్లు. చలికాలం పొద్దున్నే, బందరు కాలవ మీద నుంచి లేచిన మంచు ఇంకా మా గ్రౌండులో తచ్చాడుతుండగా, ప్రేయర్‌కి వరసల్లో నిలబడితే వరికోతలయ్యాక చేలో మిగిలిన మోళ్ళలా ఉండేవాళ్ళం.

ఆ మోళ్ళ మధ్య నిలబడే నేను కలలు కనేదాన్ని. కళ్ళు మూసుకుంటే చాలు, మంచు మొత్తం విడిపోయి, అందులోంచి నేనొక్కదాన్నే ఏదో పేరు తెలియని రంగులో నడిచి వస్తున్నట్టుండేది. చున్నీ వెనకాల కాలవంత పొడవున తేలుతూ ఉండేది. ఆ కాలవలో పడవలు కూడా నడుస్తుండేవి.

"మాధవీ! ప్రతిజ్ఞ అయిపోయి చాలాసేపైంది. చెయ్యి దించు తల్లీ," అనేవారు రాజ్యలక్ష్మి టీచర్.

ఆవిడ మా క్లాసు టీచరు, చెప్పేది తెలుగు.

నా పక్కన కూర్చునే నాగలక్ష్మికి మాత్రం ఈ గొడవలేవీ ఉండేవి కావు. వాళ్ళది కొల్లేరు వైపు నుంచి వచ్చి చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. మధ్యాహ్నం కారేజీలు విప్పినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే వాదన.

"యూనిఫాం అంటే నీకెందుకే అంత మంట?"

"అందరం ఒకేలా ఉంటామే. అద్దంలో చూసుకుంటే 'ఎవరండీ మీరు' అని అడగాలనిపిస్తుంది."

"నాకు అదే ఇష్టం. ఇది వేసుకుంటే నేను టెన్త్ బి నాగలక్ష్మిని. ఇప్పేస్తే చేపలోళ్ళ నాగలక్ష్మిని. దీంట్లో ఉన్నంతసేపు ఎవరూ ముక్కు ఎగబీల్చి చూడరు. పైగా పొద్దున్నే ఏం వేసుకోవాలా అని ఆలోచించక్కర్లా. ఆ టైంలో ఇంకో ఇడ్లీ లాగించొచ్చు."

ముక్కు మాట విన్నాక నా కారేజీలోని అప్పడం సగం విరిచి దాని మూతలో పెట్టాను. ఇడ్లీ మాటైతే ఇప్పటికీ కాదనలేను.

అయితే నా మంటకి అసలు కారణం మా నాయనమ్మ. ఏటా స్కూల్లో తీసే గ్రూప్ ఫోటో ఇంటికి రాగానే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, వేలితో వరసలన్నీ గాలించి, ఒక మొహం మీద ఆపి మురిసిపోయేది.

"ఇదిగో నా బంగారుతల్లి! ఎంత ముద్దుగా నవ్విందో చూడు."

"నాయనమ్మా, అది నాగలక్ష్మి."

"మరి నువ్వేదే?"

"దాని వెనక."

"అదా! అదేదో బడి స్తంభం అనుకున్నానే."

తొమ్మిదో తరగతి ఫోటోకైతే నేను ఇంట్లో లేని సమయం చూసి ఉప్పూ మిరపకాయలతో దిష్టి కూడా తీసిందట. వేలు ఎవరి మీద పెట్టి తీసిందో చెప్పక్కర్లేదు. ఆ ఏడాది నాగలక్ష్మికి క్లాసులో ఫస్టు వచ్చింది. నాకు ఆటలమ్మ పోసింది.

ఇప్పుడు వచ్చేది పదో తరగతి ఫోటో, ఆఖరిది. దాన్ని పటం కట్టించి హాల్లో పెడతానని నాయనమ్మ ముందే మేకు కొట్టించేసింది. "మైలవరం నుంచి మనోళ్ళొస్తే చూపించాలి కదే" అంటూ రోజూ ఆ ఖాళీ మేకు వంక చూసుకునేది. నేనూ చూసేదాన్ని. మైలవరం చుట్టాలందరూ వరసగా వచ్చి, గోడ ముందు నిలబడి, నాగలక్ష్మిని మనసారా దీవించి వెళ్ళిపోతున్నట్టు కల వచ్చేది. అందుకే గట్టిగా అనుకున్నాను. ఈ ఫోటోలో మా నాయనమ్మ వేలు తిన్నగా నా మీదే పడాలి. అంటే నేను రంగు డ్రెస్సులో ఉండాలి.

మా స్కూల్లో రంగు డ్రెస్సుకి ఒక్కటే దారి, పుట్టినరోజు. ఆ రోజు మాత్రం కొత్త బట్టల్లో రావచ్చు, చాక్లెట్లు పంచొచ్చు, రోజంతా యువరాణిలా తిరగొచ్చు. నేను పుట్టింది మే నెలలో. సెలవుల్లో పుట్టినవాళ్ళ బాధ సెలవుల్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. బళ్ళో చేరిన నాటి నుంచి నేను యువరాణిని కాలేదు. అందరి చాక్లెట్లూ తినే ప్రజల్లోనే ఉండిపోయాను.

ఫోటో తీసేది సంక్రాంతి సెలవులయ్యాక. నేను స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"టీచర్, ఫోటో రోజు నా పుట్టినరోజండీ. రంగు డ్రెస్ వేసుకోవచ్చాండీ?"

"నువ్వు మేలో కదమ్మా పుట్టింది?"

"అది ఇంగ్లీషు లెక్కండీ. ఇది తిథుల ప్రకారం అండీ."

"తిథుల ప్రకారం మే నెల పుట్టినరోజు జనవరికి ఎలా వస్తుందే?"

"మధ్యలో అధికమాసం వచ్చిందండీ."

"అధికమాసం వస్తే ఒక్క నెల జరుగుతుంది."

"మాకు కొంచెం ఎక్కువ జరిగిందండీ."

టీచరు చేతిలోని ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, పెదవి బిగపట్టుకుని నవ్వు ఆపుకున్నారు. "సరే. ఇంత కష్టపడి మళ్ళీ పుడుతున్నావు, కాదనడం పాపం. వేసుకో."

ఇక గుడ్డ కావాలి. మా బాబాయికి ఆటోనగర్‌లో సీటు కవర్ల షాపుంది. బస్సులకి సీట్లు, కిటికీలకి కర్టెన్లు అన్నీ అక్కడే కుట్టిస్తాడు. ఆదివారం నాన్నతో వెళ్ళినప్పుడు, రెగ్జిన్ చుట్టల వెనక, జిగురు డబ్బాల పక్కన అది కనిపించింది. నెమలికంఠం రంగు గుడ్డ. కదిపితే నీలం, వదిలేస్తే ఆకుపచ్చ. వేళ్ళ మధ్య నుంచి నీళ్ళలా జారిపోతోంది. చుట్టూ సుత్తుల మోతలు, లారీల రొద. అవన్నీ ఎక్కడికో వెళ్ళిపోయాయి. పొద్దువాలాక బ్యారేజీ మీద నిలబడి కృష్ణలోకి చూస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. ప్రేయర్ మంచులో పేరు తెలియని రంగు ఇదే.

"బాబాయ్! ఇదెక్కడిది?"

"అదా? ఏదో పెద్ద ఆర్డరుకి తెప్పించిన తానులే అమ్మడూ. కొంత మిగిలింది."

ఎవరి ఆర్డరు బాబాయ్ అని అడగలేదు నేను. ఇక్కడొక్క క్షణం ఆగండి. అంత చిన్న ప్రశ్న, ఊపిరి ఖర్చు కూడా ఉండదు. అడిగి ఉంటే మీకు ఇది చదివే బాధ తప్పేది. కానీ నేను అప్పటికే కృష్ణలో తేలిపోతున్నాను.

"నాకిచ్చెయ్ బాబాయ్, డ్రెస్ కుట్టించుకుంటా."

"దీంతో డ్రెస్సేందే? బరువు గుడ్డ. ఏళ్ళ తరబడి వేలాడదీసినా రంగు పోదు."

"నేనేం వేలాడను కదా!"

అమ్మ ఇంట్లో మిషను మీద కుట్టింది. "చున్నీ అయినా వేరే రంగు పెడదామే, కాస్త ఎత్తి చూపిస్తుంది," అంది. ససేమిరా అన్నాను. చుడీదారు అదే, చున్నీ అదే, చివరికి మిగిలిన పేలికలతో రిబ్బన్లూ అవే. యూనిఫాం మీద తిరుగుబాటు చేస్తూ ఇంకో యూనిఫాం కుట్టించుకుంటున్నానని నాకు తట్టలేదు.

ఆ రోజు వచ్చింది. రంగు డ్రెస్సులో నా రంగప్రవేశం చూసి బిస్కెట్ల వరసలన్నీ తలలు తిప్పాయి. అందరూ పాట పాడారు. చాక్లెట్లు పంచాను. నాగలక్ష్మి నా చున్నీ అంచు పట్టుకుని, "బాగుందే, నిజంగా" అంది. కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు. ఆ తేలడంలోనే మెట్లెక్కి, ఫోటో కోసం అందరితో పాటు ఆడిటోరియంలోకి వెళ్ళాను.

ప్రతి ఏడూ ఫోటో గ్రౌండులో తీసేవాళ్ళు. ఈసారి స్టేజీ మీద. ఎందుకంటే వార్షికోత్సవానికని స్టేజీకి కొత్త కర్టెన్ కట్టారు.

నెమలికంఠం రంగు కర్టెన్. కదిలితే నీలం, ఆగితే ఆకుపచ్చ.

ఆ పెద్ద ఆర్డరు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"టీచర్, నేను కింద వరసలో కూర్చుంటానండీ," అన్నాను.

"నీ పొడుగుకి ముందు కూర్చుంటే వెనకవాళ్ళందరికీ నీ తలే గతి. పైకెక్కు. పుట్టినరోజు పిల్లవి, మధ్యలో నిలబడు!"

బెంచీ ఎక్కాను. వెనక కర్టెన్ చల్లగా వీపుకి తగిలింది, తప్పిపోయిన చెల్లెలు దొరికినట్టు.

ఫోటోగ్రాఫరు కెమెరాలో కన్ను పెట్టాడు. "పై వరస! మధ్యలో ఖాళీ వచ్చింది. దగ్గరికి జరగండమ్మా."

"ఖాళీ కాదండీ! నేను!"

ఆయన తల బయటికి పెట్టి చూశాడు. "అయ్యో, ఉన్నారా! సారీ అమ్మా." మళ్ళీ కన్ను పెట్టాడు. మళ్ళీ తీశాడు. "మేడంగారూ, ఆ అమ్మాయి తల వస్తోందండీ. మిగతాది రావట్లేదు."

హాలు హాలంతా గొల్లుమంది. "టీచర్, మాధవి తెరమరుగైపోయిందండీ!" అని ఎవరో అరిచారు.

"ఎవరది? మంచి మాట వాడారు," అన్నారు రాజ్యలక్ష్మి టీచర్ ముచ్చటపడిపోతూ. తెలుగు టీచర్లతో వచ్చే చిక్కే ఇది.

నాగలక్ష్మి ముందు వరసలో నుంచి లేచి, తన పిన్నీసులు ఊడదీస్తూ, "ఇదిగోవే, నా చున్నీ కప్పుకో. కనీసం భుజాలన్నా వస్తాయి," అంది.

బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా తీసుకుంటారు. నేను ఆ మట్టిరంగు చున్నీ వంక చూశాను. అది కప్పుకుంటే మళ్ళీ మోళ్ళలో మోడునే. మా నాయనమ్మ వేలు మళ్ళీ నాగలక్ష్మి మీదే.

"వద్దులే," అన్నాను.

"తలకాయొక్కటే పడుద్దే!"

"పడనీ."

ఫ్లాష్ మెరిసింది.

ఫోటో ఇంటికొచ్చిన సాయంత్రం బాబాయి కూడా వచ్చాడు. కవరు విప్పాం. ఒక నెమలికంఠం ఆకాశం. దాని కింద కోసిన వరిచేను. ఆ ఆకాశం మధ్యలో ఏ ఆధారమూ లేకుండా, తడి కళ్ళతో నవ్వుతూ, నా తల. పున్నమి నాటి చందమామకి రెండు జడలు వేసినట్టు.

అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. బాబాయి మాత్రం ఫోటోని దీపం దగ్గరగా పట్టుకుని గర్వంగా చూశాడు.

"మన తానే! చూశారా రంగు? కర్టెన్ ఎక్కడ అయిపోయిందో, పిల్ల ఎక్కడ మొదలైందో కనిపెట్టమను ఎవర్నైనా!"

నాయనమ్మ చెయ్యి చాపింది. కళ్ళజోడు తుడుచుకుంది. వేలు కింద వరస మీద మొదలైంది. నాగలక్ష్మి దగ్గరికొచ్చింది. ఒక్క క్షణం ఆగింది. దాటింది. పై వరసకి ఎక్కి, తిన్నగా వచ్చి, నా బుగ్గ మీద నిలబడింది.

"ఇదిగో నా బంగారుతల్లి!"

నేను ఏడ్చేశాను. బాబాయి నోరు తెరిచాడు. "ఎట్టా పట్టేశావమ్మా?"

"ఎట్టా ఏందిరా? అందరికీ ఒళ్ళుంది, దీనికి లేదు. తినవే తినవే అని నే మొత్తుకుంటానే ఉన్నా, వింటేగా!"

ఆ రాత్రి నా కంచంలో అన్నం బుడమేరు వరదలా పొంగింది. ఫోటో మేకుకెక్కింది. మైలవరం చుట్టాలు వచ్చినప్పుడల్లా నాయనమ్మ అక్కడిదాకా లేచి వెళ్ళేది కూడా కాదు. మంచం మీద నుంచే, "ఒళ్ళు లేనిది మాది" అనేది. ఎవరూ పొరబడలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ దిష్టి కూడా నాకే తీసింది, సరిగ్గా మెడ వరకు.

ఇప్పుడు నాగలక్ష్మి ప్రతి జనవరిలోనూ ఆ ఫోటో గ్రూపులో పెట్టి, "తిథుల ప్రకారం హ్యాపీ బర్త్‌డే" అంటుంది. వెనకే అందరూ కేకుల బొమ్మలు పెడతారు. మేలో అసలు పుట్టినరోజు నాడు ఒక్కరికీ గుర్తుండదు.

కనుక పెద్దలందరి ఎదుట, ఆ కర్టెన్ సాక్షిగా, నా తల మీద చెయ్యి పెట్టుకుని (ఫోటోలో మిగిలింది అదొక్కటే కదా) ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ గుడ్డ మనసు దోచినా, దాని తోబుట్టువులు ఊళ్ళో ఎక్కడెక్కడ వేలాడుతున్నారో కనుక్కోకుండా ఒంటి మీద వేసుకోను. కెమెరా కనబడితే ముందు నా వెనకకి చూసుకుంటాను. ఏడాదికి ఒక్కసారే పుడతాను. ఇక నాయనమ్మ చెప్పినట్టు కడుపునిండా తింటాను.

చివరి మాట మాత్రం కాస్త ఎక్కువగానే నిలబెట్టుకున్నాను. ఇప్పుడు ఆటోనగర్‌లో ఎంత పెద్ద ఆర్డరిచ్చినా, నన్ను పూర్తిగా దాచేంత తాను దొరకదు.