పదో పేరు

నామినేషన్ల చివరి రోజు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నాగర్‌కర్నూల్ కలెక్టరేటు గేటు ముందు ఆటో దిగిన మనిషి సాయమ్మ కాదు. ఆమె కోడలు హెప్సిబా.

వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని ప్రభుదాసు చూశాడు. ఆటో వెళ్లిపోయింది.

"మీ అత్తేదమ్మా?"

"ఉపాధి పనికి పోయింది సార్. నన్ను పొమ్మన్నది. ఏలుముద్ర నేనేస్త."

"నువ్వేస్తే ఎట్ల? పేరు ఆమెది గదా."

"రేషన్ షాపుల నేనే ఏస్త గద సార్. అత్తమ్మ ఏలు మిషన్ల పడదు. ఆమె లైన్ల కనవడ్డదంటే చాలు, డీలరు మొకం మాడ్చుకుంటడు. 'ముసలామె పది ఏళ్లూ ఒక్కొక్కటే మిషన్ల పెట్టి సూసేసరికి పొద్దు గూకుతది, నువ్వే రా తల్లీ' అంటడు." హెప్సిబా నవ్వింది. ఆయన ముఖం చూసి ఆపేసింది.

ప్రభుదాసు వనపర్తిలో ఇరవై ఏడేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాడు. ఈ ఎండాకాలం ప్రొఫెసరు ఉద్యోగం వదిలేసి పార్లమెంటుకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతున్నాడు. పార్టీ లేనివాడి పేరును నియోజకవర్గంలో ఓటున్న పదిమంది ప్రతిపాదించాలి. తొమ్మిది సంతకాలు ఫారం మీద ఉన్నాయి. అందరూ కోడేరువాళ్లు, ఒకప్పుడు అతని తల్లితోపాటు మట్టి పనులకు వలస పోయినవాళ్లు, వాళ్ల పిల్లలు. సాయమ్మ కోసం ఉంచిన పదో గడి ఖాళీగా ఉంది. సంతకం రానివాళ్లు అధికారి ఎదుటే వేలిముద్ర వేయాలి. ఆ నియమం అతనికి కంఠస్థం. సాయమ్మ వేలు మిషన్లో పడదన్న సంగతి మాత్రం తెలియదు.

మధ్యాహ్నం మూడు కొట్టేలోపు ఫారం అందాలి.

పాత విద్యార్థి సతీష్ జేబులోంచి పెన్ను తీశాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. నా ఓటు గూడ ఈడ్నే, కొల్లాపూర్‌ల. సంతకం పెడ్త. ఐదు నిమిషాల పని."

అది సబబైన మాటే. ప్రభుదాసు పెన్ను వైపు చూశాడు.

ఆరేళ్లప్పుడు అతన్ని హాస్టల్లో చేర్చింది సాయమ్మ. తల్లి అప్పుడు కర్ణాటకలో, కాలువ పనిలో ఉంది. ఉత్తరం రాసేవాళ్లు లేరు. చదివేవాళ్లూ లేరు. పొరుగింటి సాయమ్మ, ఇరవై దాటి ఎన్నేళ్లో కాలేదు, పిల్లవాడి చెయ్యి పట్టుకుని కోడేరు నుంచి నడిచింది. 'సంరక్షకులు' అన్నచోట బొటనవేలు అద్దింది. ఆ ముద్ర అతనికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. దున్నిన చేనులా సాళ్లు సాళ్లుగా, ఒకదాని పక్కన ఒకటి. తన జీవితంలో అతను చదివిన మొదటి పేజీ అది.

"సతీష్, పెన్ను లోపల పెట్టు."

"ఆమె రాకపోతే?"

"ఫారం ఇయ్యను."

"ఇరవై ఏడేండ్లు పాఠం చెప్పి, ఆఖరికి గిదేంది సార్?"

"గా పాఠమే."

హెప్సిబా ఉపాధి పని చేయించే మేటు యాదయ్యకు ఫోన్ కలిపి, సాయమ్మను పిలవమని చెప్పి, ప్రభుదాసు చేతికిచ్చింది.

"అత్తా, ఎందుకు రాలేదే?"

"నా ఏలు పడదు బిడ్డా. ఆడ గూడ పడకుంటే నీ పేరు కొట్టేస్తరు. నీ పని నా చేతుల చెడాల్నా?"

"ఈడ మిషన్ లేదత్తా. కాయితమే."

"కాయితమా?"

ఫోన్లో గడ్డపార కింద పడేసిన చప్పుడు వినిపించింది.

"ఒరే యాదిగా," అంది సాయమ్మ, "బండి తియ్."

ఎండలో గేటు దగ్గర నిలబడ్డారు. ఒంటి గంట. రెండు. ఇతర అభ్యర్థులు డప్పులతో వచ్చారు, దండలతో వెళ్లారు. సతీష్ గడియారం చూడటం మానేశాడు. రెండు నలభైకి మోటారుసైకిలు వచ్చి ఆగింది. వెనక సాయమ్మ, మోకాళ్ల దాకా మట్టి. దిగగానే కొంగుతో బొటనవేలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. మెట్లెక్కుతూ తుడిచింది. వరండాలో తుడిచింది.

లోపలి గది చల్లగా ఉంది. అధికారిణి ఓటర్ల జాబితాలో పేరు సరిచూసింది. సిరా పెట్టె ముందుకు జరిపింది.

సాయమ్మ వేలు అద్ది, కాగితం మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. చెయ్యి తీసింది.

తొమ్మిది సంతకాల కింద ఒక నల్లని మచ్చ. అందులో ఒక్క గీత లేదు. ప్రభుదాసు వంగి చూశాడు. ఆ సాళ్లన్నీ ఎక్కడ పోయాయి? నలభై ఎనిమిదేళ్లలో ఎన్ని కాలువ గట్లు, ఎన్ని రోడ్లు, ఎవరెవరి చేలు ఆ గీతల్ని తీసుకున్నాయి? తల్లి వేలు కూడా ఇలాగే నున్నబడి ఉంటుంది. అతను ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లు 'ప్రజలు' అని నల్లబల్ల మీద రాసి చెరిపిన చెయ్యి అతనిది. ఆ చేతికి అన్ని గీతలూ ఉన్నాయి.

అధికారిణి కూడా ఒక క్షణం ఆ మచ్చనే చూసింది. తర్వాత దాని కింద, తన ఎదుటే వేసిన ముద్ర అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. గోడ గడియారంలో మూడుకు ఎనిమిది నిమిషాలుంది.

సాయమ్మ ఇంకా కదల్లేదు. చూపుడువేలు సిరాలో ముంచడానికి సిద్ధంగా చాపి ఉంచింది. దాని తర్వాత నడిమివేలు, ఆ తర్వాత ఎడమ చెయ్యి, రేషన్ షాపులో అలవాటైన వరుస.

"ఇంగ ఏది ఎయ్యాలమ్మా?"

"ఒక్కటి చాలు పెద్దమ్మా."

"పడ్డదా?"

"పడ్డది."

సాయమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తొమ్మిది వేళ్లూ ముడిచి, సిరా అంటిన ఆ ఒక్క వేలినే వెలుతురుకు పట్టుకుని చూసుకుంది.