ఖాదర్ భాయ్ బిగించిన మూత

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మూడు వాక్యాలు. మా ఆవిడకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయనకు ఎలాగూ తెలుసు కదా అని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే నాకు నోరు రాదు.

నేను వైరింగ్ పనివాణ్ణి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో చిన్న షాపు. అంతకుముందు చాలా ఏళ్లు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కింద కంట్రోల్ ప్యానెళ్లు కట్టాను. వైరింగ్‌లో నాకు వంక పెట్టేవాడు ఈ ఊళ్లో లేడు. ఈ మాట కొట్టేయను. తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని, వచ్చిన పని రాదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఖాదర్ భాయ్ వడ్రంగి. పాతఊరు మనిషి. నాకంటే పెద్దవాడే, అయినా నన్ను బావా అనే పిలుస్తాడు. ఆయన పనితనమంతా మడతబందుల్లో ఉండేది. బందు బిగించాక తలుపునో మూతనో ఒక్క వేలితో కదిపి చెవి పెట్టేవాడు. కిర్రుమంటే మళ్లీ అన్ని మరలూ విప్పేవాడు. చూసేవాళ్లకు విసుగు పుట్టేది, ఆయనకు పుట్టేది కాదు.

ఎంవీపీ కాలనీలో ఒక సార్ ఉండేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వీడియో గేమ్ షాపులో నిలబడి ఆడిన పెట్టె లాంటిది ఇంట్లో కావాలన్నాడు. మనిషెత్తు చెక్క పెట్టె, ముఖం దగ్గర తెర, నడుము దగ్గర రెండు జాయ్‌స్టిక్‌లు, పదహారు బటన్లు. పెట్టె ఖాదర్ భాయ్‌ది, వైర్లు నావి. పని నచ్చితే ఫ్లాటు మొత్తం చెక్కపని, వంటగదితో సహా, ఖాదర్ భాయ్‌కే ఇస్తానన్నాడు సార్. ఆ పని వస్తే ఆయన సొంత షెడ్డు వేసుకునేవాడు. స్థలం కూడా చూసి పెట్టుకున్నాడు, నన్ను తీసుకెళ్లి చూపించాడు.

జాయ్‌స్టిక్ వైరింగ్ చూడ్డానికి ఆటలా ఉంటుంది కానీ తెలియనివాణ్ణి తిప్పలు పెడుతుంది. కర్రను పైకి తోస్తే కింది స్విచ్ నొక్కుకుంటుంది. అది తెలియక వైర్లు ఇస్తే, పైకి ఎగరాల్సిన బొమ్మ కిందికి పోతుంది. నేను మొదటిసారే సరిగ్గా ఇచ్చాను. ప్రతి బటన్‌కీ దాని వైరు దానికి, అన్నిటికీ కలిపి ఒకటే నల్ల వైరు. దాన్ని కామన్ అంటాం. అది బటన్ నుంచి బటన్‌కి గొలుసులా వెళ్లి చివరికి పెట్టె అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డులో కలుస్తుంది. అది ఊడిందా, అన్నీ చచ్చినట్టే.

బటన్లన్నీ నడుము దగ్గరి చెక్క మూతకు బిగించి ఉంటాయి. మూత వెనక అంచున బందుల మీద పైకి లేస్తుంది. అందుకని మూతకు వెళ్లే వైరును కాస్త వదులుగా, మెలిక వేసి వదలాలి. ఇది పదిమందికి నేర్పినవాణ్ణి నేను. ఇక్కడా వదిలాను. ఖాదర్ భాయ్ కూడా చూశాడు.

తరవాత ఏం చేశానో చూడండి. పెట్టె తీసుకెళ్లే రోజు పొద్దున్న ఫోన్లో ఫోటో తీసుకున్నాను. మిగతా వైర్లన్నీ గీత గీసినట్టు ఉన్నాయి. ఆ నల్ల మెలిక ఒక్కటే వేలాడుతోంది. చిరాకేసింది. కోసేసి బిగువుగా కలిపాను. మూత సగం ఎత్తి చూశాను, అందింది. మళ్లీ ఫోటో తీశాను. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఎంత బాగుంటుందో.

సార్ ఇంట్లో పెట్టె నిలబెట్టాం. ఆయన ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని పిలిచాడు. ఆట మొదలైంది, కేకలు, నవ్వులు. లోపల ఎలా ఉందో చూపించమన్నాడు సార్. ఖాదర్ భాయ్ ముచ్చటగా మూత పూర్తిగా ఎత్తాడు. మళ్లీ మూసేసరికి ఒక్క బటన్ పనిచేయలేదు.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. లోపల చెయ్యి పెట్టాను, కామన్ వైరు ఊడి చేతికొచ్చింది. దాన్ని మళ్లీ దూర్చి మర బిగిస్తూనే, తల ఎత్తకుండా అనేశాను: "బందు వెనక్కి పడింది సార్. మూత ఎత్తితే వైర్లని లాగేస్తోంది. చెక్కపనిలో తేడా."

ఖాదర్ భాయ్ బందు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. తరవాత నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

"వెనక్కి పడిందేటి బావా?"

"పడింది భాయ్. సూసుకోవాల గదా."

"నాకు అగుపడ్డం లేదు. నువ్వన్నావంటే పడే ఉంటాదిలే." సార్ వైపు తిరిగి, "తప్పైపోనాది సార్" అన్నాడు.

నా కన్ను మీద ఆయనకు అంత నమ్మకం. నేను వాడుకున్నది దాన్నే. అక్కడ నోరు విప్పడానికి ఎంతసేపు పట్టేది? వైరు పొట్టిగా కోశాను సార్, నాదే పొరపాటు అంటే నన్ను ఉరి తీసేవారా? అంతమంది ముందు నా పనికి వంక రాకూడదు. అంతే. ఇంకే కారణమూ లేదు, వెతికి చూశాను.

ఫ్లాటు పని ఇంకొకరికి వెళ్లింది. ఖాదర్ భాయ్ షెడ్డు వేయలేదు. సార్ స్నేహితుల ద్వారా నాకు మాత్రం మరో మూడు పెట్టెలు వచ్చాయి. వేరే వడ్రంగితో కలిసి చేశాను. ఆ మూడింటిలోనూ వైరు మెలిక వదిలాను, సిగ్గులేకుండా.

మొన్న ఇలాంటి పెట్టెకే ఇంకో ఆర్డరు వచ్చింది. ఖాదర్ భాయ్ ఇప్పుడు ఆనందపురంలో ఎవరిదో షెడ్డులో రోజు కూలికి చేస్తున్నాడు. అక్కడికి వెళ్లాను. పని ఇస్తే లెక్క సరిపోతుందనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఆయన టీ తెప్పించాడు. సంతోషంగానే విన్నాడు. "పెట్టె సేత్తాను బావా," అన్నాడు. "మూతకి బందులు మాత్రం ఇంకెవరిసేతయినా ఏయించు. నా సెయ్యి బందుకి తిన్నగా రాదు. నువ్వే సూసావు గదా."

బాధగా కూడా అనలేదు. కళ్లజోడు మార్చాలి అన్నట్టు అన్నాడు. ఏడేళ్లుగా ఆయన ఒక్క బందు కూడా బిగించలేదట. నేను షెడ్డు ఒక్కటే పోగొట్టాననుకున్నాను. ఆ చేతిలో ఎంత పనితనం ఉందో ఊళ్లో అందరికీ తెలుసు, ఆ చేతి మనిషికి తప్ప. అది తిన్నగా రాదనడానికి ఆయనకున్న సాక్షి నేను.

టీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? తిడతాడని భయమా? ఆయన తిట్టడు, నాకు తెలుసు. ఊరుకోలే బావా అంటాడేమో, ఆ మాట అందుకుని నేను హాయిగా ఇంటికొచ్చేస్తానేమో అని భయం. లేకపోతే ఇదీ నేను చెప్పుకుంటున్న సాకేనా? అది కూడా కావచ్చు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయనివ్వండి. ఆ మూత బందులు తిన్నగా ఉన్నాయి. వైరు పొట్టిగా కోసింది నేను. రాశాక గుండె మీద బరువు కొంచెం దిగింది, దిగలేదంటే అబద్ధం. ఖాదర్ భాయ్ మాత్రం ఈ పూట కూడా బందులు పక్కవాడికి ఇచ్చేసి ఉంటాడు.