పులిచిట్టె అనే పేరు

మొన్న చిక్కబళ్ళాపురలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. మా బంధువులంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో, బాగేపల్లి నుంచి చిన్నాయన కొడుకు ఒక ఫోటో పెట్టాడు. మా మేనత్త, నాన్నకు చెల్లెలు, ఎనభై దాటిన మనిషి, ఆ పొద్దున పోయింది. ఫోటో కింద ‘మన పులిచిట్టె అత్త ఇక లేరు’ అని రాసి, రెండు దండాలు, పక్కనే ఒక సీతాకోకచిలుక బొమ్మ పెట్టాడు. బొమ్మ కూడానా! ఏడవాల్సిన దాన్ని, ఒళ్ళంతా మండిపోయి చిక్కుడుకాయల చేట పక్కకు నెట్టేశాను.

మా వైపు సీతాకోకచిలుకను చిట్టె అంటాం. కన్నడం మాటే గానీ మా నోళ్ళలో నలిగి ఎప్పుడో తెలుగైపోయింది. పసుపు రెక్కల మీద నల్లచారలున్నది పులిచిట్టె. ఎండ ఎక్కగానే పెరటి గోడ అవతలి జిల్లేడు పూల మీదికి వచ్చేది. పిల్లలం ఊపిరి బిగబట్టి దాని వెనకాలే నడిచేవాళ్ళం. పేరులో పులి ఉన్నా, అంత సాధుప్రాణి ఇంకొకటి ఉండదు. అలాంటిదానికి మా అవ్వ, అంటే నాన్నమ్మ, వేరే వాడుక కనిపెట్టింది. పక్కింటికి రోజుకు రెండుసార్లు పోయిన కోడలు పులిచిట్టె. సినిమా చూడాలన్న ఆడపిల్ల పులిచిట్టె. అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే పులిచిట్టె. అదే మగవాడు నాలుగూళ్ళు తిరిగొస్తే, వాడు వ్యాపారం చేసుకొచ్చినట్టు!

మా అత్తను చింతామణిలో బట్టల అంగడి వాళ్ళింటికి ఇచ్చారు. మామకు చేయి చేసుకునే అలవాటు. ఒక మధ్యాహ్నం ఆమె ఒంటరిగా బస్సు దిగి బాగేపల్లిలోని మా ఇంటికొచ్చింది. ఒంటి మీద పసుపు చీర, దాని నిండా నల్లచారలు. వాళ్ళ అంగడిలో ఎవరూ కొనక మిగిలిపోతే పండక్కి ఈమెకు ఇచ్చారట. మోచెయ్యి వాచి ఉంది. గడపలో కూర్చున్న అవ్వ చెయ్యి చూడలేదు, చీర చూసింది. “వచ్చినాదప్పా పులిచిట్టె! అది ఒక చెట్టు మీద నిలుస్తాదా?” అంది. ముందు భాగంలో అంగడి, వెనక ఇల్లు మాది. బేరానికొచ్చిన వాళ్ళు కూడా నవ్వారు. అంతవరకు ఇంట్లో అందరికీ ‘పాప’గా ఉన్న మనిషికి ఆ రోజు నుంచి అదే పేరు. అప్పటికి నాకు ఆరేళ్ళు. పెద్దవాళ్ళు పిలిచినట్టే నేనూ పిలిచాను. అత్త కోప్పడేది కాదు. ఒక్కసారి మాత్రం నా తల దువ్వుతూ, “చిట్టె ఏం పాపం చేసినాదమ్మా? దాని పేరు నాకు పెట్టి దాన్ని గూడా చెడుపుతాండారు” అంది.

మూడేళ్ళలో ఆమె కుట్టుపని నేర్చుకుంది, పరీక్ష పాసయింది, ఆడవాళ్ళకు కుట్టు నేర్పే ఉద్యోగానికి అర్జీ పెట్టింది. ఆ ఉద్యోగమొస్తే ఇంకో ఊళ్ళో గది తీసుకుని తన బతుకు తాను బతకవచ్చు. వస్తుందన్న ఆశతో ట్రంకుపెట్టె కూడా తుడిచి పెట్టుకుంది. ఒకరోజు విచారణకని తాలూకు కచేరీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. అత్త కిరోసిన్ కోసం వరుసలో నిలబడ్డానికి పోయి ఉంది. గడప మీద నేనున్నాను. ఆమె కాగితం చూసి ఏదో పేరు చదివి, ఉన్నారా అని కన్నడంలో అడిగింది. ఆ పేరు నేను జన్మలో వినలేదు. స్కూల్లో నేర్చిన కన్నడం చూపించుకునే అవకాశమొచ్చిందని గర్వంగా, “ఆ హెసరినవరు ఇల్లి యారూ ఇల్ల” అన్నాను. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడెవరూ లేరని! ఆమె కాగితం మీద గీత కొట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు తొమ్మిదేళ్ళు, తెలియదు. కానీ నాలుగడుగుల దూరంలో అంగడిలో చిన్నాయన ఉన్నాడు. విన్నాడు, చెల్లెలి పేరు ఆయనకు తెలుసు, అయినా నోరు విప్పలేదు. పైగా సాయంత్రం అందరి ముందూ, “పిల్ల ఉన్న మాటే చెప్పినాది గదా!” అని పగలబడి నవ్వాడు. ఆ నవ్వును నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించను. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. “నా పేరు నీకు తెల్దామ్మా?” అని మాత్రం అడిగింది. నా పలక తీసుకుని రాసి, మూడుసార్లు చదివించింది. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత నలభై ఏళ్ళు ఆ ఇంటి వెనక గదిలోనే ఊరందరికీ రవికెలు కుట్టింది.

నేను టీచరునై చిక్కబళ్ళాపురలో రిటైరయ్యేదాకా నా తరగతిలో పులిచిట్టె అన్న మాట పలకనివ్వలేదు. పిల్లలు కిటికీలోంచి దాన్ని చూపిస్తే ఊరికే చిట్టె అనేదాన్ని. పిల్లలకది వింతగా ఉండేది.

ఫోటో పెట్టిన ఆ తమ్ముడికి ఫోను చేసి, “ఆమె పేరు అది కాదురా” అన్నాను. “మరి ఏం పేరక్కా? పదకొండో దినానికి ఫ్లెక్సు వేయాల, మా ఇంట్లో ఎవురికీ తెల్దు” అన్నాడు. అక్షరం అక్షరం చెప్పి రాయించాను. “అట్ల వేస్తే ఎవురికి తెలుస్తాదక్కా? కింద చిన్నగా పులిచిట్టె అని గూడా వేసేదా?” అన్నాడు, వాళ్ళ నాన్న కొడుకే కదా. వేస్తే నేను రానన్నాను. మళ్ళీ, కాదు, వచ్చి నా చేత్తోనే చింపుతానన్నాను.

వేయలేదు. ఇంటి ముందు ఫోటో, దాని కింద ఆమె పేరు, అంతే. అత్త చేత జీవితమంతా రవికెలు కుట్టించుకున్న పక్కవీధి ముసలామె వచ్చి, కూడబలుక్కుని చదివి, నా చెయ్యి పట్టుకుంది. “ఫోటో ఆయమ్మదే ఉండాది గానీ, పేరు తప్పు వేసినారు కదమ్మా” అంది. ఆమె మీద మాత్రం కోపం తెచ్చుకోలేకపోయాను. యాభై ఏళ్ళకు పైగా ఊరేగిన అబద్ధం ముందు, ఒక్క పూట బయటికొచ్చిన నిజం అచ్చుతప్పులాగే కనబడుతుంది.