కాశీలో వదిలిన పెరుగు

మా అత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను బడిలో, స్టాఫ్‌రూములో, అన్నం డబ్బా మూత తీస్తున్నాను. పెరుగన్నం. మూత మళ్ళీ బిగించి, హెడ్మిస్ట్రెస్‌కు చెప్పి బస్సెక్కాను. అత్తకు నాలుగు రోజులుగా దగ్గు, జ్వరం. రొమ్ములో నెమ్ము చేరిందన్నారు. నేను ఇల్లు చేరేసరికి ఆమెను హాల్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు.

వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. "కల్యాణ సావు దా కన్ను, ఏడవొద్దు." నిండు వయసులో, అందరినీ చూసుకుని పోయేవాళ్ళ చావును మా కోయంబత్తూరు వైపు అలా అంటారు. కన్ను అంటే తల్లీ, బంగారం అన్న పిలుపు; దా అంటే మాటను నొక్కి చెప్పడం. "డెబ్భై ఆరు కదా, వయసాయె," అన్నారు. నేను తలూపాను. అలా తలూపినందుకే ఇది రాస్తున్నాను. మా అత్తను తీసుకుపోయింది వయసు ఒక్కటే కాదు. అందులో నా చెయ్యి ఉంది. నా నోరు ఇంకా ఎక్కువ ఉంది.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకు అక్క, నా భర్తకు అమ్మ. బావ అంటే నా భర్తే, పెళ్ళికి ముందు పిలిచిన పిలుపు ఇప్పటికీ పోలేదు. ఏ తరంలోనో ఇటు వచ్చి, పొల్లాచ్చి కొబ్బరి వ్యాపారంలో కుదురుకున్న కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను చదివిందీ తమిళంలోనే, ఇప్పుడు పిల్లలకు సైన్సు చెప్పేదీ తమిళంలోనే. తెలుగు అక్షరాలు మాత్రం అత్త దగ్గర నేర్చుకున్నవి. పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి, నా చూపుడువేలు పట్టుకుని దిద్దించేది. తప్పు రాస్తే అరచేత్తో పిండిని చదును చేసి, "ఏమీ కాలే, మళ్ళా రాయి," అనేది. తప్పు చేసినవాళ్ళకు ఆమె దగ్గర పడే శిక్ష అంతే.

అత్త తోడుపెట్టిన పెరుగుకు మా వీధిలో పేరుండేది. గిన్నె వంచినా కదిలేది కాదు. సాయంత్రం పాలు కాచి దించి, కాసేపు ఆగి, చిటికెన వేలు ముంచి చూసేది. పెళ్ళైన కొత్తలో నేను ఎంత వేడి ఉండాలని అడిగితే, "నాకేం తెలుసు? వేలిని అడుగు, అది చెప్తాది," అంది. మర్నాడు బడి లాబులోంచి థర్మామీటరు తెచ్చి పాలలో పెట్టాను. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పావం, దీనికి నోరు లేదే," అని నవ్వింది. ఆ పెరుగంటే అందరికంటే ఆమెకే ప్రాణం. చివర్న పెరుగన్నంలో ఉప్పు నిమ్మకాయ నంజుకుంటూ తినేటప్పుడు ఎవరు పలకరించినా బదులిచ్చేది కాదు.

పదకొండేళ్ళ కిందట మా వీధివాళ్ళం ఇరవైమందిమి కలిసి కాశీకి వెళ్ళాం. కాశీకి వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి, తమకు ఇష్టమైనదొకటి వదిలి రావాలి. మావాళ్ళు ఈ విషయంలో మహా తెలివైనవాళ్ళు. ఎండుమిరప వ్యాపారం చేసే ఒక పెద్దాయన కాకరకాయ వదిలాడు. బుద్ధెరిగి ఆయన కాకరకాయ ముట్టింది లేదు. ఒకావిడ పనసపండు వదిలింది. తింటే ఆవిడకు కడుపుబ్బుతుంది. మెట్ల మీద నిలబడి వీళ్ళ లెక్కలు వింటుంటే నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నదాన్నన్న పొగరు ఒకటి ఉంది కదా, అందరికీ వినపడేలా అత్తను అడిగాను.

"నువ్వేం వదుల్తావత్తా? పొట్లకాయా? ఇష్టం లేనిది వదిలేదానికి ఇంత దూరం రైలెందుకు? ఇంట్లోనే వదలొచ్చు కదా!"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. కొంగు నడుముకు చుట్టుకుని మెట్లు దిగింది.

తిరుగు ప్రయాణంలో పెరుగన్నం పొట్లాలు పంచుతుంటే తన పొట్లం నా వైపు జరిపింది.

"నాకొద్దు కన్ను. వదిలేస్తిని."

"పెరుగా?"

"పాలు, పెరుగు, మజ్జిగ. అన్నీ దా."

"అయ్యో అత్తా! నేను సుమ్మా ఆటకు అంటిని కదా!"

"నువ్వు సరిగా దా చెప్పితివి. ఇష్టం ఉండేదే వదలాల. లేనిదాన్ని ఎట్ల వదిల్తాము?"

బాధపడ్డానని చెబితే అబద్ధమవుతుంది. నాకు గర్వంగా అనిపించింది. బడికి వెళ్ళాక స్టాఫ్‌రూములో ఈ కథ రెండు మూడుసార్లు చెప్పాను. మా అత్త లాంటి నిజాయితీపరురాలు ఎక్కడుందని కాకరకాయ పెద్దాయనతో పోల్చి నవ్వించాను. అత్త మాత్రం పొద్దున పాల కాపీ బదులు కరుపట్టి బెల్లం వేసిన శొంఠి కాపీ తాగడం మొదలుపెట్టింది. మేమంతా పెరుగు కలుపుకునే వేళకు తాను రెండోసారి చారు పోసుకునేది. అయినా రోజూ సాయంత్రం మా కోసం పాలు కాచి, వేలు ముంచి, తోడుపెడుతూనే ఉంది. ఆ వేలిని నోట్లో పెట్టుకోకుండా కొంగుకు తుడుచుకునేది. ఏడేళ్ళు అలా గడిచాయి.

తర్వాత పెరుగు చెడడం మొదలైంది. ఒక రోజు నీళ్ళు నీళ్ళుగా, ఇంకో రోజు విరిగి, పుల్లగా. నేను బడికి వెళ్ళే తొందరలో ఉన్నాను.

"ఏమత్తా ఇది? కాగే పాలల్లో తోడేస్తివా?"

"వేలికి తెలియలే కన్ను. మొద్దుబారినట్ల ఉండాది."

ఇంతకంటే స్పష్టంగా ఏ రోగీ ఏ డాక్టరుకూ చెప్పుకోలేడు. సైన్సు టీచరుకు చెప్పింది. నేను, "వయసాయె అత్తా, ఇకమీద నేనే వేస్తాలే," అన్నాను. నాకు తీరక, పది రోజుల్లో దుకాణం ప్యాకెట్లకు మారాం. ఆమె పెరుగు గిన్నె అటక మీదికి పోయింది.  రోజూ పాలు కాచే వేళకు అత్త వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఊరికే నిలబడి వెళ్ళేది.

ఒకసారి గుడి నుంచి ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోది దారిలో జారిపోయినా కాలికి తెలియలేదు. ఇంటిల్లిపాదీ నవ్వాం. స్నానంలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే తూలుతోందని గోడ పట్టుకునేది. నాలుక ఎర్రగా మండుతోందంటే కారం తగ్గించమన్నాను. కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి అడగసాగింది. అందరికంటే వడిగా నడిచే మనిషి, నాతో గుడికి వస్తే ముందు వెళ్ళిపోయి మలుపులో నిలబడి నా కోసం చూసే మనిషి. మోకాళ్ళ డాక్టరు నొప్పి మాత్రలు ఇచ్చాడు. నాకు చాల్లేదు. కూర్చుంటే కండ కరిగిపోతుందని, రోజూ సాయంత్రం మేడ మీద పది రౌండ్లు నడవాలని ఆజ్ఞ వేశాను. డ్రిల్లు మాస్టారులా నిలబడి లెక్కపెట్టేదాన్ని. పిట్టగోడ పట్టుకుని నడిచేది పావం. ఒక రోజు ఏడో రౌండులో మోకాళ్ళు మడతపడి కూలిపోయింది. నేను పరుగెత్తుకెళ్ళి పట్టుకుంటే, కింద కూర్చునే ఆయాసపడుతూ, "ఇంకా మూడు ఉండాది కదా కన్ను?" అంది. మిగతావి మర్చిపోతానేమో గాని, ఈ మాటను మర్చిపోయే దారి నాకు తెలియదు.

అప్పుడు గాని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడ అత్తను కళ్ళు మూసుకోమని, కాలి బొటనవేలు పైకి వంచి, కిందికి వంచి, ఎటు ఉందో చెప్పమంది. అత్త రెండుసార్లూ తప్పు చెప్పింది. తర్వాత ఆవిడ శ్రుతిదండం తీసింది. మా లాబులో ధ్వని పాఠానికి నేను వాడేదే. మోగించి చీలమండ మీద పెట్టి, తెలుస్తోందా అని అడిగితే అత్త కళ్ళు మూసుకునే, "ఏం తెలియాల?" అంది. మాంసం, గుడ్లు తింటారా అని అడిగింది డాక్టరు. మా ఇంట్లో వాటి ఊసే లేదన్నాను. పాలు, పెరుగు?

"కాశీలో వదిల్తిని మా," అంది అత్త, మంచి విషయం చెబుతున్నట్టు.

"ఎత్తన వరుషం ఆచ్చు?" ఎన్నేళ్ళైందని అడిగింది డాక్టరు.

"ఎనిమిది," అంది అత్తే.

డాక్టరు పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. రక్తపరీక్ష వచ్చాక వివరంగా చెప్పింది. బి12 అడుగంటిపోయింది. నరాల మీది పొర దెబ్బతింది. కండకు కబురు తీసుకెళ్ళేది ఆ నరాలే. కబురు రాక, పని లేక, తొడల కండలు కరిగిపోయాయి. అలాంటి కాళ్ళను నేను మేడ మీద పది రౌండ్లు తిప్పాను. ముందే వచ్చి ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేసింది.

ఇరవై ఏళ్ళుగా నేను బోర్డు మీద గీసే పట్టిక ఒకటుంది. విటమిను పేరు, అది దొరికే ఆహారం, అది లేకపోతే వచ్చే జబ్బు. బి12 వరుసలో మాంసం, చేపలు, గుడ్లు, పాలు అని నా చేత్తో రాస్తాను. మొదటి మూడూ ఎన్నడూ రాని ఇంట్లో నాలుగోదీ మానేస్తే ఏమవుతుందని అడిగితే వెనక బెంచీ పిల్ల కూడా చెబుతుంది. అది పరీక్షలో వచ్చే ప్రశ్న అనుకున్నాను గాని, మా ఇంట్లో చారు పోసుకుంటున్న మనిషి అనుకోలేదు.

ఇంజెక్షన్లతో నాలుక మానింది. వేళ్ళకు కొంత పట్టు వచ్చి మళ్ళీ మల్లెలు కట్టింది. కాళ్ళు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. వాకరు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా, అంతే. ఏడాది తర్వాత అదీ తగ్గి, మంచానికి దగ్గరైంది. చివరికి నెమ్ము పట్టుకుంది ఆ కదలని ఒంటినే. ఒక ఆదివారం గ్లాసుడు మజ్జిగ కలిపి తీసుకెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఏడ్చేశాను.

"తప్పు నాది అత్తా. ఆ రోజు నేను అట్ల అనకపోయింటే నువ్వు పొట్లకాయ దా వదిలింటావు."

"పొట్లకాయ నాకు ఇష్టమే కదా," అంది.

 గ్లాసు ముందుకు జరిపాను. తల అడ్డంగా ఊపింది.

"సూది వేస్తుండారే, అది చాలు. గంగమ్మకు ఇచ్చింది మళ్ళా అడిగేదా? వదిలిందే గాని, దాని మీద ఇష్టం పోలా కన్ను. అది పోతే నేను వదిలింది ఏముండాది?"

అని, దుప్పటి మీద మడతను అరచేత్తో మెల్లగా చదును చేసింది. "ఏమీ కాలే," అంది.

ఆ మాటతో నా గుండె తేలికైపోయింది. అందుకే నా మీద నాకు ఇప్పుడు ఇంకా కోపం. మంచంలో ఉన్న మనిషి దగ్గర ఓదార్పు కూడా వసూలు చేసుకుని, ఆ సాయంత్రం నేను మామూలుగా పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. అప్పటినుంచి క్లాసులో ఆ పట్టిక దగ్గర ఆగి, మీ ఇంట్లో అవ్వకు చెప్పు జారితే తెలుస్తోందా అని అడుగుతున్నాను. పిల్లలు నవ్వుతారు. ఈ ఏడాది ఒక పిల్ల నవ్వలేదు. వాళ్ళ అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారట, బాగానే ఉందట. సంతోషమే. కానీ ఒక అవ్వను ఇంకో అవ్వకు బదులు వేసుకుని ఊరుకోవడం నాకు చేతకావడం లేదు.

పదోరోజున పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతాం. పెరుగు పెట్టవచ్చా లేదా అని ఇంట్లో తర్జనభర్జన జరిగింది. కాకరకాయ వదిలిన పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఎనభై దాటాయి, ఇప్పటికీ మా మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కుతాడు, మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగుతాడు.

"ఒడంబుతో వదిలింది ఒడంబుతో పోయె," అన్నాడు. ఒళ్ళు పోయాక ఒళ్ళు పెట్టుకున్న కట్టడి ఎక్కడిదని ఆయన మాట. "నువ్వు పెట్టు కన్ను. నీ చేత్తో పెట్టు."

తొమ్మిదో రోజు సాయంత్రం ప్యాకెట్టు పెరుగు వద్దని, అటక మీది గిన్నె దించి తోమాను. పాలు కాచి అందులో పోశాను. కాసేపు ఆగి చిటికెన వేలు ముంచాను. చురుక్కుమంది. ఇంకాసేపు ఆగి మళ్ళీ ముంచాను. గోరువెచ్చగా ఉన్నాయి. అత్త వేలికి తెలియనిది నాకు బాగా తెలుస్తోంది. తోడు వెయ్యాల్సింది అప్పుడే, పక్కనే చిన్న గిన్నెలో సిద్ధంగా ఉంది కూడా. తీయబుద్ధి కాక వేలు పాలలోనే ఉంచి, అవి చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డాను.