చుక్కల మీద చుక్కలు, ఆంటీ బుగ్గ మీద గళ్ళు

“సుజ్జీ! ఒసేయ్ సుజ్జీ! ఆంటీగారి మొహం మీద ఈ లుంగీ గళ్ళేంటే?”

మామయ్య కేక ఢిల్లీలో మా జియా సరాయ్ గల్లీ చివరిదాకా వెళ్ళుంటుంది. నిన్న మా ప్రింటింగ్ షాపులో జరిగింది చెప్తా, నవ్వకండి. పోస్టర్ చివరికి బాగానే వచ్చింది, పోయింది నా పరువే!

మధ్యాహ్నం ఆర్.కె. పురం నుంచి కార్తీక్ అని ఒకబ్బాయి వచ్చాడు. తెలుగబ్బాయే! చేతిలో పాత పేపర్ కటింగ్. సాయంత్రం వాళ్ళమ్మగారి రిటైర్మెంట్ ఫంక్షనట. “అమ్మ ఏ ఫొటోలోనూ నవ్వదండీ. ఈ ఒక్కదాంట్లోనే నవ్వింది. పెద్ద పోస్టర్ కావాలి, ఐదింటికల్లా,” అని తనూ నవ్వాడు. బుగ్గన సొట్ట! అంతే, జెరాక్స్ మెషిన్ చప్పుడు కూడా నాకు సన్నాయిలా వినిపించింది.

పేపర్లో ఫొటో దగ్గరగా చూస్తే అన్నీ చుక్కలే కదా. మా మెషినూ చుక్కలతోనే ప్రింట్ చేస్తుంది. ఆ చుక్కల మీద ఈ చుక్కలు పడితే గళ్ళు తేలతాయి. అందుకే స్కాన్ చేసేటప్పుడు ‘డీస్క్రీన్’ అని ఉన్నచోట టిక్ పెట్టాలి. పాత చుక్కలు కరిగిపోతాయి. టెన్త్ తప్పి వచ్చిన నాకు మామయ్య నేర్పిన మొదటి పాఠం ఇదే. నిద్రలో లేపి అడిగినా చెప్తా!

మరి గళ్ళెందుకొచ్చాయి?

“వోల్టేజీ అనుకుంటా మామయ్యా,” అన్నా. స్టెబిలైజర్ మార్చాడు. మళ్ళీ గళ్ళే. “అయితే ఇంకు పాడైందేమో...” అన్నా. పాపం, అదీ మార్చాడు. ఇంకా ముదురు గళ్ళు! ప్రాజెక్ట్ రిపోర్టులు పట్టుకున్న స్టూడెంట్లు “భయ్యా, జల్దీ!” అని ఒకటే గోల. కార్తీక్ మొహంలో సొట్ట మాయం.

“నాలుగైందండీ. పోనీలెండి, ఫొటో లేకుండానే వెళ్తా.”

మామయ్య స్క్రూడ్రైవర్ తీశాడు. “సారీ బాబూ. మెషిన్ విప్పాల్సిందే. ఇవాళ్టికి షాపు బంద్.”

కార్తీక్ కటింగ్‌ని జాగ్రత్తగా మడుస్తున్నాడు. ఆంటీ నవ్వు సగానికి మడతపడిపోతోంది. ఇక దాచడం నావల్ల కాలేదు.

“విప్పకు మామయ్యా! మెషిన్ బానే ఉంది. నేనే టిక్ పెట్టలేదు!”

“రోజూ పెడతావుగా! ఇవాళేమైందే?”

క్యూ మొత్తం నా వైపే. తెలుగు రానివాళ్ళు కూడా!

“కంప్యూటర్లో ఆంటీ నవ్వుతున్నారు, ఎదురుగా ఈయన నవ్వుతున్నారు. ఇద్దరి సొట్టా ఒకేలా ఉందా అని చూస్తూ... చూస్తూ... ఉండిపోయా మామయ్యా!”