తీతువు గుడ్ల మీది కంప

పులికాట్ పక్షుల గురించి నెట్‌లో రాసినవాళ్ళలో నాకు కనబడినవాళ్ళంతా కార్లలో పోయినవాళ్ళే. బస్సులో పోయేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను, గది తడలో. గదిలో నలుగురం. మిగతా ముగ్గురికీ ఆదివారం సెలవు, నాకు మంగళవారం. మార్చమని రెండుసార్లు అడిగితే సూపర్‌వైజర్ తల కూడా ఎత్తలేదు. ఖాళీ గదిలో గోడలు చూస్తూ కూర్చోలేక ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొని పిట్టల వెంట పడ్డాను. ఎవరూ నేర్పలేదు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నదే.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం తెల్లారి ఐదుంబావుకు తడలో బస్సెక్కితే అరగంటలో సూళ్లూరుపేట. ఛార్జీ ముప్పై లోపే. అక్కడ టీ తాగి శ్రీహరికోట రోడ్డులో పోయే షేర్ ఆటో పట్టుకున్నాను. రాజహంసలు వెళ్ళిపోయినాక ఏం చూద్దామని పోతున్నావని డ్రైవరు నవ్వాడు. జనం కూడా వెళ్ళిపోయారు గదా, అందుకే పోతున్నా అన్నాను. సరస్సు ఒడ్డున సర్కారు తుమ్మ, ఈత పొదలు మొదలయ్యేచోట దిగాను. అక్కడినుంచి నడకే. కొట్లు లేవు, నీళ్ళు మోసుకుపోవాల్సిందే.

ఏడింటికల్లా ఒక పాలపిట్ట, రెండు గువ్వలు కెమెరాకు దొరికాయి. ఇంతలో ఒక తీతువు నా తల చుట్టూ తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. వెతికితే పొదల మధ్య బోడినేల మీద, ఎండిన తుమ్మకంప కింద, నాలుగు మట్టిరంగు గుడ్లు. ముళ్ళు ఫోటోకు అడ్డం. కంపను కాలితో పక్కకు నెట్టి, కావలసినన్ని ఫోటోలు తీసి, పిట్ట వచ్చి పొదిగేటప్పుడు తీద్దామని దూరంగా ఈత పొద చాటున కూర్చున్నాను. అది వచ్చి కూర్చుంది కూడా. దాని వెనకే మేకల మంద వచ్చింది. తోలేద్దామని అరుస్తూ పరుగెత్తాను. మేకలు బెదిరి గుడ్ల మీదినుంచే పోయాయి. ఒక గుడ్డు చితికిపోయింది.

మేకలు తోలే ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నేలను చూసి, తర్వాత నన్ను చూసింది.

"ఆ కంప తీసింది నువ్వేనా?"

"ఫోటోకు అడ్డమొచ్చినాదక్కా. గాలికి వచ్చి పడిందనుకున్నా."

"గాలికి పడిన కంప మీద రాయి ఎవురు పెట్టినారు అబ్బయా?"

రాయి ఉండింది. కంపతోపాటే దాన్నీ తన్నేశాను.

తీతువు గుడ్లు కనబడితే మేకలు తొక్కకుండా కంప కప్పిపోవడం అక్కడి కాపరులకు మామూలు పనట. పిట్ట సందులోంచి దూరి పొదుగుతుందట. ఆమె తిట్టలేదు. కంప మళ్ళీ నాతోనే పెట్టించి, దూరంగా తుమ్మనీడలో కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. పిట్ట అరుస్తూనే ఉంది.

"ఒక్కడివే వచ్చినావా?" అంది. "పక్కన ఇంకొకరుంటే వద్దని చెప్పుండేవాళ్ళు గదా."

ముప్పావుగంటకు తీతువు దిగి, అటూ ఇటూ నడిచి, కంప కిందికి దూరింది. ఆమె లేచి మేకల వెంట పోయింది.

నా కోపం ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఉంటుంది. ఆ రోజు తిరుగు బస్సులో దాన్ని చూపించడానికి ఎవరూ దొరకలేదు. నాలుగు గుడ్ల ఫోటో నేను తీసినవాటిలోకెల్లా బాగా వచ్చింది. దాన్ని ఇక్కడ పెట్టడం లేదు. మీరు వెళితే ఒకటే చెబుతాను. కెమెరా తీయకముందే అక్కడ మేకలు కాసేవాళ్ళను పలకరించి, ఎక్కడ అడుగు పెట్టకూడదో అడగండి. ఎవరూ కనబడకపోతే, రోడ్డు మీదినుంచే చూసి వచ్చేయండి.